కూరగాయల రుచి నీటి చేతిలో ఉంది

కూరగాయలు తినమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. పదేళ్లు దాటినవాళ్లు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంత తినాలని మనసుకు అనిపించాలంటే ఎలా వండాలో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. చప్పగా, మెత్తగా, పసరు వాసనతో పళ్లెంలో మిగిలిపోయిన కూరను చూస్తే చాలాసార్లు తప్పు కూరగాయది కాదని తెలుస్తుంది. నీరు పోవలసిన చోట పోలేదు, లేదా ఉండవలసినదానికన్నా ఎక్కువసేపు ఉంది.

కీర దోసలో సుమారు 95 శాతం నీరే. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లలో 92 శాతం, క్యారెట్‌లో 88 శాతం ఉంటుంది. ఈ నీటితో వచ్చే చిక్కు ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుంది. ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, కింద మంట ఎంత పెంచినా అంతే. వేయించిన ముక్కలకు వచ్చే గోధుమ రంగు, కమ్మని వాసన అంత వేడిలో పుట్టవు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందలాది సువాసన పదార్థాలుగా మారే ఈ చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించాడు. అది చురుగ్గా సాగడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. కాబట్టి ఉడికిన కాలీఫ్లవర్‌కూ, ఎర్రగా కాల్చిన కాలీఫ్లవర్‌కూ రుచిలో ఉన్న తేడా మసాలాలతో వచ్చింది కాదు. ఆ 40 డిగ్రీలతో వచ్చింది.

నీటిని తరిమేయడం అనుకున్నంత తేలిక కాదు. ఒక గ్రాము నీటిని 20 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 80 కేలరీల వేడి చాలు. అదే గ్రామును ఆవిరిగా మార్చాలంటే ఇంకో 540 కేలరీలు కావాలి. బాణలికి నికరంగా ఒక కిలోవాట్ వేడి అందిందనుకుంటే, 100 గ్రాముల నీరు ఆవిరి కావడానికే దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. బాణలి నిండా ముక్కలు కుమ్మరిస్తే ఊరే నీరు ఎక్కువ, పోయే ఆవిరి తక్కువ. అడుగున నీరు నిలుస్తుంది, వేయిద్దామనుకున్నది కాస్తా ఉడుకుతుంది. మంట సరిపోలేదని పెంచితే అంచుల్లో ఉన్నవి మాడతాయి, మధ్యలోవి ముద్దవుతాయి. దీనికి మందు మంట కాదు, జాగా. ముక్కలు ఒకే వరుసలో పరుచుకోవాలి. పట్టకపోతే రెండు విడతలుగా వేయించుకోవాలి. మూత పెట్టకూడదు.

ఓవెన్ ఉన్నవాళ్లకు ఈ పని మరీ సులువు. 600 గ్రాముల కాలీఫ్లవర్‌ను మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, గుడ్డతో తడి లేకుండా తుడవాలి. ఒకటిన్నర పెద్ద చెంచాల నూనె, ముప్పావు చిన్న చెంచా ఉప్పు పట్టించాలి. ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడిచేసి, ట్రేలో ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదిలి, కోసిన ముఖం కిందికి ఉండేలా పేర్చాలి. మొదటి 15 నిమిషాలు కదపకూడదు. మాటిమాటికీ కలిపితే ఏ ముఖమూ ట్రేకు తగినంతసేపు ఆనదు, రంగు రాదు. తర్వాత తిప్పి ఇంకో ఎనిమిది, పది నిమిషాలు ఉంచాలి. బ్రోకలీకి మొత్తం 15 నుంచి 18 నిమిషాలు చాలు. క్యారెట్‌కు 25 నుంచి 30, బీన్స్‌కు 12 నుంచి 15 పడుతుంది. అందుకే వీటన్నిటినీ ఒకే ట్రేలో ఒకేసారి వేయడం మంచి ఆలోచన కాదు. వేయక తప్పకపోతే క్యారెట్ ముందు పెట్టి, మిగతావి పది నిమిషాలు ఆగి చేర్చాలి. వెల్లుల్లి చివరి ఐదు నిమిషాల్లోనే పడాలి. ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది, ఆ చేదు మొత్తం ట్రేకు పాకుతుంది.

నూనె విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎగుడుదిగుడుగా ఉన్న ముక్కకూ, చదునైన లోహానికీ మధ్య ఉండే గాలి సందుల్ని నింపి వేడిని చేరవేసేది నూనే. అది లేకపోతే ముక్క ఎండుతుంది గాని వేగదు.

గట్టి దుంపలకు, క్యారెట్లకు పొయ్యి మీద ఇంకో దారి ఉంది. బాణలిలో నాలుగు పెద్ద చెంచాల నీరు పోసి, ముక్కలు వేసి మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి మగ్గనివ్వాలి. లోపల మెత్తబడ్డాక మూత తీసి, నీరంతా ఇగిరాక నూనె వేసి ఎర్రగా వేయించాలి. పచ్చి ముక్కను నేరుగా నూనెలో వేస్తే లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. ముందు ఆవిరి, తర్వాత నూనె అనే ఈ క్రమం పుట్టగొడుగులకూ బాగా పనికొస్తుంది, కారణం మాత్రం వేరు. వాటి కణాల గోడలు కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టినవి, అది వేడికి కరగదు. ఎంతసేపు ఉడికించినా ముద్దకావు కాబట్టి భయం లేకుండా వాటి నీరంతా ఊరనిచ్చి, ఇగిరాక, చివర్లో నూనె వేయవచ్చు. నూనె కూడా తక్కువ పడుతుంది.

వంకాయ కథ మరొకటి. దాని గుజ్జు గాలి గదులతో నిండి ఉంటుంది. బాణలిలో వేయగానే ఆ గదులు నూనెను పీల్చుకుంటాయి, మళ్లీ మళ్లీ పోయాల్సి వస్తుంది. గాలి గదుల్ని ముందే కూల్చేస్తే ఈ తంటా తప్పుతుంది. అరకిలో ముక్కలకు ఒక చిన్న చెంచా ఉప్పు పట్టించి అరగంట ఉంచి, ఊరిన నీటిని పిండి తుడవవచ్చు. లేదంటే ఐదారు నిమిషాలు ఆవిరి పట్టి, పైతడి ఆరాక వేయించవచ్చు. ఉప్పు చేదును లాగేస్తుందని చెప్పుకుంటారు గాని, ఇప్పుడు పండించే చాలా రకాల్లో లాగేయాల్సినంత చేదే లేదు. అసలు లాభం నూనె ఆదా కావడమే.

బెండకాయ జిగురు నీటిలో కరిగి సాగే పిండిపదార్థాల జాతిది. తడి తగిలితేనే అది విజృంభిస్తుంది. కాయల్ని కోయకముందే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన కోయాలి. వెడల్పు బాణలిలో మూత లేకుండా వేయించి, ఉప్పు చివర్లో వేయాలి. ఉప్పు ముందే పడితే కాయలోని నీటిని బయటికి లాగి జిగురును పెంచుతుంది. సగం వేగాక కాస్త నిమ్మరసం చిలకరిస్తే జిగురు పట్టు సడలుతుంది.

పచ్చిగా తినేవాటిలోనూ నీటితోనే పని. సన్నగా తరిగిన క్యాబేజీ మీద ఉప్పు, నిమ్మరసం, నూనె వేసి పెడితే పది నిమిషాల్లో గిన్నె అడుగున నీళ్లు తేలతాయి, పులుపు పలచబడుతుంది. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగే పని అప్పుడు గిన్నెలో జరుగుతోందన్నమాట. దాన్ని ముందే జరిపించేయాలి. అరకిలో క్యాబేజీకి 7, 8 గ్రాముల ఉప్పు వేసి రెండు నిమిషాలు చేత్తో నలిపి, 20 నిమిషాలు ఉంచి, గట్టిగా పిండాలి. పచ్చి వాసన, మొండితనం పోయి కరకరలు మాత్రం మిగులుతాయి. తర్వాత కలిపే నిమ్మరసం పలచబడకుండా ముక్కకే పడుతుంది. మళ్లీ ఉప్పు వేసేముందు మాత్రం ఒకసారి రుచి చూడాలి.

నీరు మేలు చేసే చోట్లూ ఉన్నాయి. బీన్స్, బఠానీ, బ్రోకలీ లాంటి ఆకుపచ్చ కూరగాయలకు సలసల మరిగే పుష్కలమైన నీరు కావాలి. అరకిలోకు మూడు నాలుగు లీటర్లు, లీటరుకు పది గ్రాముల ఉప్పు. నీరు కొద్దిగా ఉంటే ముక్కలు పడగానే చల్లబడి, మళ్లీ మరగడానికి పట్టే సమయంలో రంగు చెడుతుంది. పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. వేడికి కణాలు పగిలి వెలువడే ఆమ్లాలు దాన్ని తోసేసి ఆ చోట హైడ్రోజన్‌ను కూర్చోబెడతాయి. పచ్చని రంగు బూడిద కలిసిన ఆకుపచ్చగా మారేది అప్పుడే. మూత తీసి ఉంచితే ఆవిరయ్యే ఆమ్లాలు కొన్ని గాలిలో కలుస్తాయి. ఐదారు నిమిషాల్లో వార్చేస్తే రంగుకు ఢోకా ఉండదు. నిమ్మరసం పళ్లెంలోకి వచ్చాకే పిండాలి. రంగు కోసం వంట సోడా వేసేవాళ్లున్నారు. రంగు నిలుస్తుంది నిజమే, కానీ క్షారం కణాల గోడల్ని కరిగించి ముక్కను జావ చేస్తుంది, సి విటమిన్‌నూ దెబ్బతీస్తుంది. వేయకపోవడమే మంచిది.

పులుపు ఇంకో చోట కూడా అడ్డుపడుతుంది. కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ పుల్లని రసంలో మెల్లగా కరుగుతుంది. బంగాళాదుంపలు మెత్తబడకముందే టమాటా పోస్తే ఎంతసేపటికీ ఉడకడం లేదని విసుక్కోవాల్సి వస్తుంది. దుంప ఉడికాకే పులుపు వేయాలి.

పోషకాలు ఉడికిన నీటిలో పోతాయన్న మాట సి విటమిన్, ఫోలేట్‌ల వరకు నిజం. అవి నీటిలో కరుగుతాయి, అందుకే కొద్దిసేపు ఉడికించడం, ఆవిరి పట్టడం మేలు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ తీరు దీనికి ఎదురు. వండితే కణాల గోడలు విడి అవి బయటపడతాయి, నూనెతో కలిస్తేనే ఒంటికి బాగా పడతాయి. కూరగాయలు ఎప్పుడూ పచ్చిగానే తినాలన్న పట్టుదలకు అర్థం లేదు.

ఇక చేదు. క్యాబేజీ, బ్రోకలీ కొందరికి మరీ చేదుగా తగలడం వట్టి పేచీ కాదు. ఒక రసాయనం కొందరికి కటిక చేదుగా, కొందరికి అసలు రుచే లేనట్టుగా ఉంటుందని 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. నాలుక మీది ఒక చేదు గ్రాహకపు జన్యువులో ఉండే తేడాలే దానికి కారణమని తర్వాత తేలింది. క్యాబేజీ జాతి కూరగాయల్లోని గంధక సమ్మేళనాల చేదు మీదా ఆ జన్యువు ప్రభావం ఉంది. చేదు తగ్గించాలంటే చక్కెర కన్నా ముందు ఉప్పును తలచుకోవాలి. సోడియం చేదును అణచి, దాని కింద దాగిన తీపిని పైకి తెస్తుందని బ్రెస్లిన్, బోషాం అనే పరిశోధకులు 1997లో చూపించారు. ఎక్కువ అక్కర్లేదు, సరిగ్గా చాలినంత. ఆపైన కాస్త కొవ్వు, కాస్త పులుపు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునె ఇకెడా గుర్తించిన ఉమామి, అంటే మాంసపు పులుసు లాంటి కమ్మని రుచి కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. ముదర పండిన టమాటాల్లో, ఎండు పుట్టగొడుగుల్లో అది దండిగా ఉంటుంది. రెండు పెద్ద చెంచాల టమాటా గుజ్జును నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించి అందులో క్యాబేజీ వేసి చూడండి.

క్యాబేజీ విషయంలో ఇంకొక్క మాట. అది ఉడికినకొద్దీ గంధకపు వాసన పెరుగుతుంది. ఐదారు నిమిషాల్లో దించేయాలి. ఎక్కువసేపు ఉడికించదలిస్తే నీటిలో కాదు, నూనెలో ఎర్రబడనివ్వాలి.

చిలగడదుంపకు తొందర పనికిరాదు. దానిలోని ఒక ఎంజైము సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. మైక్రోవేవ్‌లో ఆ దశ త్వరగా దాటిపోతుంది, తీపి అంతగా రాదు. 200 డిగ్రీల ఓవెన్‌లో తొక్కతో ముప్పావు గంట నుంచి గంట ఉంచితే అదే దుంప తేనె కారుస్తుంది.

రుచి కుదిరినా తినే మోతాదు పెరగడానికి చిన్న చిన్న ఉపాయాలు కావాలి. అన్నిటికన్నా సులువైనది ఆకుకూర. అరకిలో పాలకూర బాగా వేడెక్కిన వెడల్పు బాణలిలో రెండు మూడు నిమిషాల్లో వాడి గిన్నెడు అవుతుంది. పిండి, వెల్లుల్లి నూనె కలిపితే అరకిలో తిన్నట్టే ఉండదు. పిల్లల సంగతి వేరు. కొత్త కూరగాయ నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి రావచ్చు. మూడోసారికే వద్దన్నారని మానేయకుండా, బలవంతపెట్టకుండా, ఒక ముక్క పెడుతూ ఉండాలి. గుజ్జు చేసి వేరేవాటిలో కలిపేస్తే లోపలికి వెళుతుంది గాని ఆ కూరగాయ మీద ఇష్టం పెరగదు. పిలిచే పేరుకు కూడా బలముంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాలలో అవే కూరగాయలకు నోరూరించే పేర్లు పెడితే, మామూలు పేర్లు పెట్టినప్పటికన్నా 25 శాతం ఎక్కువ మంది ఎంచుకున్నారని 2017లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఆరోగ్యానికి మంచిదని రాసిన పేర్లకు ఆ ఆదరణ దక్కలేదు.

కాల్చిన కూరగాయలు చల్లారాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తాయి, ఒకసారి రెండు ట్రేలు చేసి పెట్టుకోవచ్చు. మూత పెట్టేముందు పూర్తిగా చల్లారాలి, అయితే గది వేడిలో రెండు గంటలకు మించి వదిలేయకూడదు. వెచ్చగా ఉండగానే మూసేస్తే మూతకు పట్టిన ఆవిరి నీరై ముక్కల మీదే కారుతుంది. మళ్లీ వేడిచేయడానికి మైక్రోవేవ్ కన్నా నూనె లేని వేడి పెనం నయం. రెండు నిమిషాలు ఒకవైపు కదపకుండా ఉంచితే పోయిన కరకర చాలావరకు తిరిగొస్తుంది.