నోట్స్ యాప్ మార్చాలనుకుంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

హైదరాబాద్‌లో అశోక్ నగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలకి ఫోన్లో, లాప్‌టాప్‌లో నోట్స్ ఎలా పెట్టుకోవాలో నేర్పడం నా పని. పాత నోట్స్‌ని ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌లోకి చేర్చిపెట్టడం కూడా అందులో భాగమే. నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఈ మాట వినకుండా వారం గడవదు: "అక్కా, ఈ యాప్ బాలేదు. మంచిదేదైనా చెప్పు, అందులోకి మారిపోయి ఫ్రెష్‌గా స్టార్ట్ చేస్తా."

ఆ మాట వెనక ఉన్న కంగారు నాకు తెలుసు. ఇంటి నుంచి నెలనెలా డబ్బులు తెప్పించుకుంటున్నారు, పోయినసారి కొద్ది మార్కుల్లో పోయింది, ఈసారి ఏదో ఒకటి మార్చాలి. సిలబస్ మన చేతిలో లేదు, పోటీ మన చేతిలో లేదు. యాప్ ఉంది. అందుకే దాని మీద పడతారు. పరీక్ష ముందు వీళ్ల టైమ్‌ని ఎక్కువగా తినేస్తున్నది కూడా ఈ మార్పే.

అపోహ: "మారడానికేముంది? ఎక్స్‌పోర్ట్ కొట్టి ఇంపోర్ట్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి"

అన్నీ రావు. రాసిన మాటలు వస్తాయి. ఆ మాటలు అవసరానికి దొరికేలా మీరు ఏళ్ల తరబడి చేసుకున్న అమరిక చాలావరకు రాదు. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి పెట్టుకున్న లింకులు తెగుతాయి. ఫొటోలు వేరే ఫోల్డర్‌లో పడతాయి. టేబుల్స్ చెదురుతాయి. స్టైలస్‌తో రాసినది ఉత్త బొమ్మ అయిపోతుంది, అందులో వెతకడం కుదరదు. చాలా సందర్భాల్లో నోట్ రాసిన తేదీ పోయి, ఇంపోర్ట్ చేసిన తేదీ వచ్చి కూర్చుంటుంది.

సూర్యాపేట దగ్గర నుంచి వచ్చిన ఒకమ్మాయి పాలిటీ నోట్స్ చూశాను. అంత శ్రద్ధగా కట్టుకున్న నోట్స్ అరుదు. పంచాయతీరాజ్ పేజీ తెరిస్తే అందులోంచి బల్వంత్‌రాయ్ మెహతా కమిటీకి, అక్కడి నుంచి అశోక్ మెహతా కమిటీకి, అక్కడి నుంచి 73వ సవరణకి, ఆర్టికల్ 243కి లింకులు. ఫ్రెండ్ ఎవరో చెప్పారని మెయిన్స్ దగ్గరపడుతుండగా వేరే యాప్‌కి మారింది. నా దగ్గరికి తెచ్చినప్పుడు ప్రతి పేజీ పేరు చివర అర్థంకాని అంకెలు, అక్షరాలు తోకలా వేలాడుతున్నాయి. లింకు మీద నొక్కితే పాత యాప్ లాగిన్ పేజీ తెరుచుకుంటోంది. మ్యాపులన్నీ "ఇమేజ్ 1, ఇమేజ్ 2" అని ఒక్కచోట కుప్ప. అన్నిటికన్నా ఆమెని ఏడిపించింది కరెంట్ అఫైర్స్. నెలల వారీగా రివిజన్ చేసుకోవాలని తేదీల మీదే ఆధారపడింది, ఇప్పుడు ఏడాది మొత్తానికీ ఒకటే తేదీ. చదవాల్సిన రాత్రుళ్లు కూర్చుని పేర్లు మార్చుకుంటోంది. ఆపమన్నాను. ఇద్దరం కలిసి ముఖ్యమైన పేజీలు మాత్రం సరిచేసి, మిగతావన్నీ పీడీఎఫ్ చేసి పక్కన పెట్టాం.

ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. "ఒక్క క్లిక్‌తో మారిపోండి" అని వీడియోల్లో చెప్పేవాళ్లు పాతికో ముప్పయ్యో నోట్స్ ఉన్న ఖాతాతో చేసి చూపిస్తారు. రెండేళ్ల ప్రిపరేషన్ ఉన్న ఖాతా అలా కదలదు.

కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు లోపలికి రావడం ఎంత తేలికో చూడటం కన్నా, బయటికి వెళ్లడం ఎలాగో ముందు చూడండి. నేను మొదటి రోజే చేయించే పని ఇది. పది నోట్స్ రాయండి. ఒకదాంట్లో ఫొటో, ఒకదాంట్లో టేబుల్, ఒకదాంట్లో ఇంకో నోట్‌కి లింకు, ఒకదానికి పీడీఎఫ్ తగిలించి, ఒకటి చేత్తో రాసి, మిగతావి తెలుగులో. వెంటనే మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ యాప్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. ఏం మిగిలిందో మీ కళ్లకే కనిపిస్తుంది. అరగంట పని.

యాప్‌ని బట్టి బయటికొచ్చే దారి మారుతుంది. గూగుల్ కీప్ నోట్స్ గూగుల్ టేకౌట్ (మన గూగుల్ డేటాని దింపుకునే పేజీ) ద్వారా హెచ్‌టీఎంఎల్, జేసన్ ఫైళ్లుగా వస్తాయి, హెచ్‌టీఎంఎల్‌ని బ్రౌజర్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఎవర్‌నోట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చే ఎనెక్స్ (.enex) ఫైల్లో తేదీలు, ట్యాగులు ఉంటాయి గానీ నోట్‌బుక్ పేరు ఉండదు. అందుకని ఒక్కో నోట్‌బుక్ విడిగా తీసి ఫైలుకి ఆ పేరే పెట్టుకోవాలి. వన్‌నోట్‌లో నోట్‌బుక్ మొత్తాన్ని పీడీఎఫ్‌గా తీయాలంటే విండోస్ కంప్యూటర్ కావాలి, ఫోన్ చాలదు. అబ్సిడియన్ కంప్యూటర్‌లో మొదటి నుంచీ మార్క్‌డౌన్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగానే దాస్తుంది, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటాయి. బయటికి తీయడమనే పనే ఉండదు. అలాగని అందరూ అందులోకి పరిగెత్తక్కర్లేదు. ఫోన్ తప్ప ఇంకేమీ లేని పిల్లలకి కీప్ చాలు, అదే చెప్తాను.

మారడానికి సరైన కారణాలు కూడా ఉంటాయి. మీ ఫోన్లో తెరుచుకోవట్లేదు, ధర పెరిగి కట్టలేకపోతున్నారు, తెలుగులో వెతికితే దొరకట్లేదు, కంపెనీ సపోర్ట్ ఆపేసింది. ఇవైతే మారండి, పరీక్ష అయ్యాక మారండి. టాపర్ ఇంటర్వ్యూలో వేరే యాప్ పేరు విన్నారనో, రంగులు బాగున్నాయనో అయితే వద్దు. ఆ టాపర్ ఏ యాప్‌లో రాసినా, మళ్లీమళ్లీ చదివింది ఆ ఒక్క నోట్సే.

అపోహ: "ఆ యాప్ మూసేస్తున్నారట, నోట్స్ అన్నీ పోతాయట"

వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఫార్వర్డ్‌లు చూస్తే నాకు కోపం వస్తుంది. పంపేవాడు ఒక్క నిమిషం చదివి పంపడు, అందుకున్నవాళ్లకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

2023 డిసెంబర్‌లో ఎవర్‌నోట్ తన ఉచిత ప్లాన్‌ని 50 నోట్స్‌కి, ఒక నోట్‌బుక్‌కి కుదించింది. అది గ్రూపుల్లోకి వచ్చేసరికి "50 దాటినవి డిలీట్ చేసేస్తారు" అయింది. అబద్ధం. పాతవి చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కొత్తవి చేర్చడం మాత్రమే కుదరదు. అయినా భయపడి ఆ రాత్రే కాపీ పేస్ట్ చేసుకుంటూ కూర్చున్నవాళ్లు ఉన్నారు.

వన్‌నోట్ విషయంలోనూ అదే జరిగింది. 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆగిపోయింది "వన్‌నోట్ ఫర్ విండోస్ 10" అనే ఒక యాప్‌కి. మామూలు వన్‌నోట్ ఉంది, నడుస్తోంది. అదే మైక్రోసాఫ్ట్ ఖాతాతో అందులో లాగిన్ అయితే క్లౌడ్‌లో ఉన్న నోట్‌బుక్స్ అవే కనిపిస్తాయి. ఇలాంటి వార్త వస్తే ముందు కంపెనీ సొంత పేజీ చదవండి. ఏ యాప్, ఏ తేదీ, పాత నోట్స్ సంగతేంటి, ఈ మూడూ అక్కడ ఉంటాయి. చదివి అర్థం కాకపోతే తెలిసినవాళ్లని అడగండి, అందులో సిగ్గేమీ లేదు.

అపోహ: "సింక్ ఆన్‌లో ఉంది కదా, బ్యాకప్ ఉన్నట్టే"

సింక్ మీ పొరపాటుని కూడా అన్ని చోట్లకీ మోసుకెళ్తుంది. ఫోన్లో నోట్ చెరిపేస్తే లాప్‌టాప్‌లోనూ పోతుంది. గూగుల్ కీప్ ట్రాష్‌లో ఉండేది 7 రోజులే. ఐఫోన్ నోట్స్‌లో 30 రోజులు. వారం తర్వాత గుర్తొచ్చి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చినా కీప్‌లో నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అలా వెనక్కి పంపాల్సి వచ్చిన రోజు నాకూ తిండి సహించదు. నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇంతే.

అపోహ: "సెర్చ్ ఉంది, ఎలా రాసినా దొరుకుతుంది"

ఇంగ్లిష్ నోట్స్‌కి కొంతవరకు నిజం. తెలుగులో రాసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. "రాజ్యాంగం" అని వెతికితే "రాజ్యాంగ సభ" రాదు, చివర ఉన్న సున్నా అడ్డం. చివరి సున్నా తీసేసి "రాజ్యాంగ" అని కొట్టి చూడండి, చాలా యాప్‌లలో రెండూ వస్తాయి. ఒకసారి "పంచాయతీ" అని, ఇంకోసారి "పంచాయితీ" అని రాసుకుంటే సగం నోట్స్ కనపడవు. నా పిల్లలకి నేను చెప్పేది, ప్రతి నోట్ మొదటి లైన్లో అంకె ఒకటి పెట్టమని. 243, 73, 1992, ఏదైనా సరే. అంకెకి రెండు స్పెల్లింగులు ఉండవు.

ఇంకో సంగతి. కోచింగ్ సెంటర్ల పాత మెటీరియల్ చాలావరకు అనూ ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టింది. దాన్ని యథాతథంగా పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అది యాప్ లోపం కాదు, దానికోసం యాప్ మార్చకండి. ఇప్పుడు ఫోన్లు, యాప్‌లు అన్నీ వాడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ముందు అందులో మార్చి, ఒత్తులు ఒకసారి సరిచూసుకుని పేస్ట్ చేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"చేత్తో రాస్తేనే గుర్తుంటుంది, యాప్ దండగ." 2014లో అలా తేల్చిన ఒక అధ్యయనం బాగా ప్రచారమైంది. 2021లో అదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనపడలేదు. మీకు ఏది అలవాటో అందులో రాయండి, విన్నది విన్నట్టు దించకండి.

"వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటా, చాలు." దారిలో గుర్తొచ్చింది పడేసుకోవడానికి చాలు. చదువుకి చాలదు. అక్కడ సబ్జెక్టుల వారీగా సర్దుకునే వీలు లేదు.

"డబ్బు కట్టే యాప్ అయితే భద్రం." డబ్బుకీ భద్రతకీ సంబంధం లేదు. ఎందులోనైనా ఏటీఎం పిన్‌లు, పాస్‌వర్డ్‌లు, ఆధార్ ఫొటోలు మామూలు నోట్‌గా పెట్టకండి. పాస్‌వర్డ్‌లకి పాస్‌వర్డ్ మేనేజర్ వేరే ఉంటుంది.

"ఫోల్డర్లు, ట్యాగులు ముందే పక్కాగా వేసుకోవాలి." అక్కర్లేదు. సబ్జెక్టుకి ఒక ఫోల్డర్ చాలు. ట్యాగులు ఎక్కువయ్యేకొద్దీ పెట్టడం మానేస్తారు.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పటికే సగం మారి, సగం పాత యాప్‌లో ఇరుక్కుని ఉన్నవాళ్లుంటే, కంగారుపడకండి. ఇవాళ్టి నుంచి కొత్తవి ఒక్కచోటే రాయండి, రెండుచోట్లా వద్దు. పాతవాటిలో ఈ పరీక్షకి మళ్లీ చదవాల్సినవి మాత్రం ఒక్కొక్కటే తెచ్చుకోండి, తెచ్చేటప్పుడు ఎలాగూ ఒక రివిజన్ అవుతుంది. మిగతావాటిని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. పాత ఖాతా మాత్రం రిజల్ట్ వచ్చేదాకా డిలీట్ చేయకండి.