కార్ల్ శాండ్‌బర్గ్: కవి రాసిన చరిత్ర చుట్టూ అల్లుకున్న అపోహలు

అమెరికన్ సాహిత్యం బోధించే వృత్తిలో ఉన్నందువల్ల, కార్ల్ శాండ్‌బర్గ్ మీద ప్రశ్న ఇచ్చినప్పుడల్లా జవాబు పత్రాల్లో అవే మాటలు నాకు ఎదురవుతుంటాయి. వాటిలో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. దిద్దడానికి కష్టమయ్యేవి కూడా ఆ సగం నిజాలే.

అపోహ: ఆయన చదువుసంధ్యలు లేని పల్లెటూరి కవి.

శాండ్‌బర్గ్ 1878 జనవరి 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌లో, స్వీడన్ నుంచి వలస వచ్చిన దంపతులకు జన్మించారు. అది పల్లెటూరు కాదు, రైల్వే పట్టణం. తండ్రి రైల్వే వర్క్‌షాపులో కమ్మరి సహాయకుడు. పదమూడో ఏట బడి మానేసి పాలబండి మీద పనికి కుదిరిన మాట, ఆ తర్వాత గూడ్సు బండ్లెక్కి దేశదిమ్మరిగా తిరిగిన మాట నిజమే. అయితే 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి సైనికుడిగా ప్యూర్టోరికో వెళ్లి వచ్చాక, ఆయన సొంత ఊళ్లోని లొంబార్డ్ కాలేజీలో చేరి కొన్నేళ్లు చదివారు. పట్టా తీసుకోలేదు గానీ, అక్కడి అధ్యాపకుడు ఫిలిప్ గ్రీన్ రైట్ తన ఇంట్లోని ముద్రణ యంత్రం మీద ఆయన తొలి చిన్న పుస్తకాలను అచ్చు వేశారు. వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ ప్రవేశ పరీక్షలో ఆయన తప్పిన విషయాలు రెండు: ఒకటి లెక్కలు, రెండోది వ్యాకరణం. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతి గదిలో ఎంతో కొంత ధైర్యం వ్యాపించడం నేను గమనించాను.

అపోహ: ఛందస్సును వదిలేశారు కనుక ఆయన కవిత్వంలో శిల్పం లేదు.

వచన కవిత మీద మన భాషలోనూ ఈ అభియోగం ఉన్నదే. 1914 మార్చిలో ‘పొయెట్రీ’ పత్రికలో వెలువడిన ‘షికాగో’ కవితను కొంచెం నిదానంగా చదివితే చాలు. నువ్వు దుష్ట నగరానివని అంటున్నారు, నమ్ముతున్నాను అంటాడు కవి. వంకరదానివని అంటున్నారు, అవునని బదులిస్తాడు. క్రూరమైనదానివని అంటున్నారు, దానికీ అవుననే జవాబు చెబుతాడు. ఆరోపణను మూడుసార్లూ ఒప్పుకున్న తర్వాతే ఎదురు తిరుగుతాడు. కవిత మొదట్లో నగరానికి బిరుదులుగా వేర్వేరు పాదాల్లో పేర్చిన వృత్తుల పేర్లన్నీ చివరికి ఒకే పొడవాటి వాక్యంలో, ఈసారి గర్వంగా తిరిగి వస్తాయి. దీన్ని శిల్పం అనకపోతే మరి దేన్ని అనాలో నాకు తెలియదు.

‘ఫాగ్’ ఇంకా చిన్నది, మూలంలో ఆరు పాదాలు, 21 మాటలు. పొగమంచు చిన్ని పిల్లి పాదాల మీద వస్తుందని ఒక్కసారి చెప్పాక, పిల్లి అన్న మాట మళ్లీ రాదు. కూర్చోవడం, రేవునీ నగరాన్నీ చూడడం, లేచి వెళ్లిపోవడం అన్న క్రియలే దాన్ని చివరిదాకా బతికిస్తాయి. తెలుగులోకి తేబోయి నేను చిక్కుకున్నది ఆ కూర్చునే భంగిమ దగ్గర. ‘గొంతుక్కూర్చుంది’ అంటే మనిషి కనిపిస్తాడు, ‘వెనక కాళ్ల మీద కూర్చుంది’ అంటే కవితా పాదం బరువెక్కుతుంది.

అపోహ: లింకన్ జీవిత చరిత్రకు ఆయనకు జీవిత చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

రాలేదు. అప్పటి నియమాల ప్రకారం వాషింగ్టన్, లింకన్‌ల జీవిత చరిత్రలు ఆ విభాగానికి అర్హం కావు. అందుకే 1939లో వెలువడిన నాలుగు సంపుటాల ‘ది వార్ ఇయర్స్’కు 1940లో చరిత్ర విభాగంలో బహుమతి ఇచ్చారు. మిగతా రెండూ, అంటే 1919లో, 1951లో వచ్చినవి, కవిత్వానికి.

అపోహ: ఆయన రాసిన లింకన్ జీవిత చరిత్ర తిరుగులేని ఆధారం.

దీనికి ఎదురుగా, అదంతా కట్టుకథ అనే వాళ్లూ ఉన్నారు. రెండు వర్గాల వాళ్లూ ఆరు సంపుటాలను ఒకే పుస్తకంగా చూస్తున్నారన్నది నా ఫిర్యాదు. 1926లో వచ్చిన రెండు సంపుటాల ‘ది ప్రెయిరీ ఇయర్స్’ పిల్లల పుస్తకంగా మొదలై పెరిగిన రచన. ఆధారాలు పలచగా ఉన్న యౌవన కాలాన్ని అందులో కవి ఊహ నింపింది. లింకన్ యౌవనంలో ప్రేమించాడని చెప్పే ఆన్ రట్లెడ్జ్ ‘మొక్కజొన్న ఏపుగా పెరుగుతోంది కదా’ అన్నంత మామూలు మాట అన్నా లింకన్ ఒళ్లు వణికేదని రాశారు. ఆ మాటను ఎవరూ విని రాసిపెట్టలేదు. ఆ ప్రేమకథే, లింకన్ మరణానంతరం ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ సేకరించిన జ్ఞాపకాల మీద నిలబడినది. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఈ మొక్కజొన్న వాక్యాన్ని ఎగతాళి చేయకుండా వదల్లేదు. నేను కూడా మొదట్లో దాన్ని ఆమె నిజంగా పలికిన మాటగానే పాఠం చెప్పాను.

ఈ బలహీనత ఎంత దూరం తీసుకెళ్లగలదో 1928 చివర్లో బయటపడింది. ఆన్, లింకన్‌ల ప్రేమలేఖలంటూ ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రిక కొన్ని పత్రాలను ప్రచురించినప్పుడు శాండ్‌బర్గ్ మొదట వాటిని నమ్మారు. అవి నకిలీవని నిరూపించిన పాల్ ఏంగిల్ వాదనలో కవిత్వం ఏమీ లేదు. భూమి సర్వేలో ఒక టౌన్‌షిప్‌కు 36 సెక్షన్లే ఉంటాయి, ఉత్తరంలో నలభయ్యో సెక్షన్ ప్రస్తావన ఉంది. 1854లో గానీ వలసదారులకు తెరవని కాన్సస్‌కు ఎవరో 1834లోనే వెళ్తున్నట్టు ఉంది. లింకన్ కొంతకాలం సర్వేయర్‌గా పనిచేసిన మనిషి కూడాను. శాండ్‌బర్గ్ తన అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నారు.

‘ది వార్ ఇయర్స్’ పద్ధతి వేరు. వార్తాపత్రికలు, కాంగ్రెస్ చర్చలు, ఉత్తరాలు, దినచర్యలు కుప్పలుగా వచ్చి పడే ఆ సంపుటాల్లో ఊహకు చోటు బాగా తగ్గింది, షికాగో డైలీ న్యూస్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన శాండ్‌బర్గ్‌లోని విలేకరి చేయి కనిపిస్తుంది. 1919లో షికాగో జాతి అల్లర్ల నేపథ్యాన్ని అద్దెలు, కూలి రేట్లు, ఇళ్ల కొరత లెక్కలతో సహా రాసింది కూడా ఈ చేయే. అయినా పాదసూచికలు లేవు కనుక, ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పరిశోధకుడు తనంతట తాను వెతుక్కోవలసిందే. కాబట్టి లింకన్ పలికిన మాటకు ఆధారంగా శాండ్‌బర్గ్‌ను మాత్రమే చూపిన ప్రతి పత్రం మార్జిన్‌లోనూ ‘మూలం?’ అని రాస్తాను. నాలుగో సంపుటం చివర లింకన్ పార్థివ దేహం రైల్లో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేరే పుటలను శైలికి ఉదాహరణగా చూపితే, టిక్కు పెట్టి తర్వాతి పత్రం తీస్తాను.