"ఇది పాతదైపోయిందండీ, మార్చేయండి": పాత కంప్యూటర్ల మీద అపోహలు - వాస్తవాలు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి మా సర్వీస్ కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న. "ఇక ఇది పనికిరాదంట కదండీ?" అడిగేవాళ్ళలో నెట్ సెంటర్ నడిపేవాళ్ళున్నారు, డీటీపీ వాళ్ళున్నారు, ట్యూషన్ మాస్టార్లున్నారు, అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొచ్చిందని అటక మీది ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి తెచ్చినవాళ్ళున్నారు. వీళ్ళలో చాలామందికి కొత్తది కొనాల్సిన అవసరం లేదు, కొంతమందికి మాత్రం నిజంగానే ఉంది. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది కంప్యూటర్ వయసుని బట్టి తేలదు. దాంతో చేసే పనేంటి, అది ఇంటర్నెట్‌కి తగిలి ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. రోజూ వినే మాటలే ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: సపోర్ట్ ఆగితే కంప్యూటర్ ఆగిపోతుంది

ఆగదు. 14వ తేదీన ఎలా ఆన్ అయిందో 15న కూడా అలాగే ఆన్ అయింది. ఆగింది మైక్రోసాఫ్ట్ నెలనెలా పంపే సెక్యూరిటీ అప్‌డేట్లు. వాటికీ ఇంకొంత గడువు ఇచ్చారు. ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అనే పథకంలో చేరితే ఇంట్లో వాడుకునే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు వస్తాయని ప్రకటించారు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరే లింక్ అక్కడే కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఈ సంగతి తెలియక, ఎవరో భయపెడితే మంచి మెషీన్‌ని స్క్రాప్ రేటుకి ఇచ్చేసినవాళ్ళను చూసి చాలా బాధపడ్డాను.

అపోహ: పనిచేస్తోంది కదా, యాంటీవైరస్ వేసుకుంటే చాలు

ఇది మొదటిదానికంటే ప్రమాదం. విండోస్‌లో ఉన్న కంతని యాంటీవైరస్ పూడ్చదు, ఆ కంతలోంచి వచ్చినవాటిలో తనకు తెలిసినవాటిని పట్టుకోవాలని చూస్తుంది, అంతే. 2017 మేలో వచ్చిన, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ గుర్తుందా? ఒక కంప్యూటర్‌కి తగిలితే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న మిగతావాటికి ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే ప్యాచ్‌ని, అంటే ఆ కంత పూడ్చే అప్‌డేట్‌ని, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 7కి అప్పటికి సపోర్ట్ ఉంది, ప్యాచ్ వచ్చింది, అయినా ఎక్కువ దెబ్బ తిన్నది విండోస్ 7 మెషీన్లే, ఎందుకంటే జనం అప్‌డేట్లు ఆపేసి కూర్చున్నారు. సపోర్ట్ ఉండి వేసుకోకపోయినా, అసలు సపోర్ట్ లేకపోయినా ఫలితం ఒకటే.

దీనికి తోడు బ్రౌజర్ ఒకటి. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. బ్రౌజర్ పాతదైతే ముందు కొన్ని వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు, తర్వాత బ్యాంకు సైట్లు మొరాయిస్తాయి. అందుకే నేను చెప్పే నియమం ఒక్కటే: అప్‌డేట్లు రాని సిస్టంలో బ్యాంకింగ్, మెయిల్, కస్టమర్ల ఆధార్ కాపీలు వద్దు. నెట్ సెంటర్ వాళ్ళకైతే ఇది గట్టిగా చెప్తాను, ఎందుకంటే అక్కడ పోయేది వాళ్ళ సమాచారం ఒక్కటే కాదు.

అపోహ: ప్రాసెసర్ పాతది, అందుకే స్లో

పదిలో తొమ్మిదిసార్లు దొంగ ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్క్, ఇలాంటిది టేబుల్ మీదికి రాగానే నేను చేసే మొదటి పని టాస్క్ మేనేజర్ తెరిచి చూడటం. సీపీయూ పది శాతం దగ్గర ఉంటుంది, డిస్క్ దగ్గర ఎర్రగా 100 శాతం. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ ఇచ్చేదాకా ఎదురుచూస్తోందన్నమాట. తిరిగే డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని సెకనుకి వంద చొప్పున చదవడమే గగనం, తిరిగే భాగాల్లేని మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పదుల వేలల్లో చదువుతుంది. ల్యాప్‌టాప్‌లో రెండిటి సైజూ ఒకటే, రెండున్నర అంగుళాలు. స్క్రూలు విప్పి పాతది లాగి కొత్తది నెట్టడమే.

కానీ పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ (క్లోన్) చేసే ముందు ఆ పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ప్రోగ్రాంలో పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్న చోట్లు) కనబడుతూ, ఆ అంకె పెరుగుతూ ఉంటే ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. చాలామంది అప్పుడు విండోస్‌లోని చెక్‌డిస్క్ /ఆర్ కొడతారు, అది చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని మొత్తం మూల నుంచి మూలకి చదివించి ఉన్న కాస్త ప్రాణం తీస్తుంది.

ర్యామ్ దగ్గర ఒక తిరకాసు ఉంది. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో కూడా రెండూ కూర్చుంటాయి. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులకీ పనిచేస్తుంది. నాలుగో తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 మాత్రమే ఇస్తాయి, వాటిలో మామూలు డీడీఆర్3 పెడితే స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది, బోర్డు పోయిందని అనుకుంటారు. ఏది కొనాలో తేలకపోతే ఎల్ ఉన్నదే కొనండి, అది పాత 1.5 స్లాట్లలో కూడా నడుస్తుంది.

"యూట్యూబ్ పెడితే ఫ్యాన్ హోరెత్తిపోతోంది" అనేది ఇంకో ఫిర్యాదు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9 లాంటి కొత్త ఫార్మాట్లు. ఇంటెల్‌లో వీపీ9ని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పే సదుపాయం ఏడో తరంతో వచ్చింది, అంతకుముందు వాటిలో ఆ భారం చాలావరకు ప్రాసెసర్ మీదే. బ్రౌజర్‌లో హెచ్264ఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత హెచ్.264 ఫార్మాట్‌లో వీడియో వస్తుంది, దాన్ని రెండో తరం చిప్ కూడా సునాయాసంగా విప్పుతుంది. ఫ్యాన్ చప్పుడు అక్కడికక్కడే తగ్గుతుంది.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. "ఇంటర్నెట్ వస్తోంది కానీ ఏ సైటూ తెరుచుకోవట్లేదు, ఏదో సెక్యూరిటీ అంటోంది, సపోర్ట్ పోయింది కదా అందుకే" అని డెస్క్‌టాప్ మోసుకొస్తారు. చూస్తే కింద మూలన తేదీ ఎప్పటిదో ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లేవీ చెల్లవని బ్రౌజర్ తలుపు మూసేస్తుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే సరిపోతుంది.

అపోహ: విండోస్ 11 దేనికైనా ఎక్కించేయొచ్చు / నా దానికి అస్సలు ఎక్కదు

రెండూ తప్పే. రెండోది ముందు చెప్తాను, ఎందుకంటే దాని వల్ల డబ్బు పోతుంది. ప్రాసెసర్లలో ఎనిమిదో తరం ఇంటెల్ నుంచి దాదాపు అన్నీ, ఏఎండీ రైజెన్ 2000 నుంచి చాలావరకు మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉన్నాయి. అయినా "మీ పీసీ పనికిరాదు" అని చూపిస్తోందంటే చాలాసార్లు కారణం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాంలో ఉంటుంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఆ చిప్‌లోనే ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని రాసుంటుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయాలి. మెషీన్ పాత పద్ధతిలో (లెగసీ మోడ్) బూట్ అవుతుంటే డిస్క్ విభజన పట్టికని పాత ఎంబీఆర్ రకం నుంచి కొత్త జీపీటీకి మార్చి, బూట్‌ని కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐకి తిప్పాలి. దీనికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోదు, అయినా బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ జోలికి వెళ్ళకముందే దాని రికవరీ కీ రాసిపెట్టుకోండి.

ఇక మొదటిది. రూఫస్ అనే టూల్‌తో చెకింగులు దాటించి నాలుగో తరానికి, ఆరో తరానికి ఎక్కించొచ్చు, నడుస్తుంది కూడా. కానీ అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, మళ్ళీ చేత్తో ఎక్కించుకోవాలి. పైగా విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేకపోతే అసలు బూటే అవదు, కోర్ 2 డ్యుయో కథ అక్కడితో సరి. సొంత మెషీన్ మీద ప్రయోగం చేసుకుంటే మీ ఇష్టం. కస్టమర్‌కి మాత్రం ఈ సంగతి చెప్పకుండా ఎక్కించి డబ్బు తీసుకోవడం నాకు తప్పనిపిస్తుంది.

అపోహ: లైనక్స్ అంటే నల్ల తెర మీద కమాండ్లు, పైగా తెలుగు రాదు

విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టం లైనక్స్, ఈ మాట మీద నాకు పట్టింపు ఎక్కువ. లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్, దాని తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ముందు కూర్చోబెడితే మెనూ, టాస్క్‌బార్, ఫైళ్ళ ఫోల్డర్లు, క్షణంలో దారి దొరుకుతుంది. 4 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత కంప్యూటర్లో బ్రౌజర్, లిబ్రేఆఫీస్, వీడియోలు హాయిగా నడుస్తాయి. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రింటర్ వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళుగా లైనక్స్ మీదే చదువుకుంటున్నారు. మన దగ్గర హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు లైనక్స్‌ని తెలుగులోకి తేవడానికి చేసిన కృషి తక్కువేం కాదు.

తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక వచ్చేస్తుంది. అమ్మ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు రప్పించే అలవాటున్నవాళ్ళకి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఎం17ఎన్ ప్యాకేజీ వేసి ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకుంటే చాలు. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్లోనే ఒక ప్యాకేజీగా దొరుకుతాయి.

అలాగని అన్నీ వస్తాయని చెప్పను. ట్యాలీ విండోస్ కోసం చేసింది. వేలిముద్ర మెషీన్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లతో పనుండేవాళ్ళు తమ మోడల్‌కి లైనక్స్ డ్రైవర్ ఉందని చూసుకోకుండా మారొద్దు. మన ఊళ్ళలో షాపు షాపుకీ కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ లైనక్స్‌లో బాగా సతాయిస్తుంది, అది సీఏపీటీ అనే సొంత భాషలో మాట్లాడుతుంది కాబట్టి. హెచ్‌పీ లేజర్‌లు చాలావరకు హెచ్‌ప్లిప్ అనే హెచ్‌పీ డ్రైవర్‌తో నడుస్తాయి, కొన్నిటికి ప్లగిన్ అదనంగా దించుకోవాలి.

డీటీపీ వాళ్ళది ప్రత్యేకమైన కేసు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఈనాటికీ పెళ్ళికార్డులు, కరపత్రాలు దాంట్లోనే, అను ఫాంట్లలోనే కొట్టేవాళ్ళున్నారు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు, అందుకే ఆ ఫైల్ వేరేచోట తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వీళ్ళకి నేను లైనక్స్ చెప్పను, విండోస్ 11 కూడా చెప్పను. పేజ్‌మేకర్ నడుస్తున్న ఆ పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్‌ని అలాగే ఉంచండి, నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే తీసేయండి, మెయిల్‌కీ వాట్సాప్‌కీ పక్కన ఇంకో కంప్యూటర్ పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌ని ముందు ఆ రెండోదాంట్లో స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి బీరువాలో దాచండి, ఎందుకంటే ఆ ఇన్‌స్టలేషన్ పోతే మళ్ళీ అన్నీ కూర్చుకోవడం మహా కష్టం. కొత్తగా చేసే పని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి, పాత మ్యాటర్‌ని మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి.

అపోహ: లైనక్స్ ఉంది కాబట్టి ఎంత పాతదైనా బతికించొచ్చు

లైనక్స్ వాళ్ళు కూడా వదిలేస్తున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌కి 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు. 32-బిట్ లైనక్స్‌కి ఫైర్‌ఫాక్స్ 144 వెర్షనే ఆఖరు. ఆటమ్ ఎన్270 ఉన్న చిన్న నెట్‌బుక్‌లకి దారి బాగా ఇరుకైపోయింది. అయితే విండోస్‌లో 32-బిట్ అని కనిపించగానే నిరాశపడొద్దు, అప్పట్లో 64-బిట్ కోర్ 2 డ్యుయోలకి కూడా 32-బిట్ విండోస్ 7 ఎక్కించి అమ్మారు. చూడాల్సింది ప్రాసెసర్ మోడల్.

పెంటియం 4 డెస్క్‌టాప్ తెస్తే వద్దనే చెప్తాను. వాటిలో చాలావాటికి ప్రాసెసర్ రేటింగే 84 వాట్లు, కొన్నిటికి 115. రోజంతా నడిస్తే కరెంటు బిల్లు, పైగా వేడి. దాని మీద పెట్టే డబ్బుకి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ, మీ ఊళ్ళో నమ్మకమైన షాపులో గానీ కంపెనీల నుంచి వచ్చిన ఆరో తరం, ఎనిమిదో తరం సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొనుక్కోవడం మేలు. కొనేటప్పుడు బయోస్ పాస్‌వర్డ్ లేదని, బ్యాటరీ ఉబ్బలేదని దగ్గరుండి చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందంటే కింద బ్యాటరీ ఉబ్బినట్టే, దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు.

వదిలేయాల్సి వచ్చినదాన్ని గుజిరీకి ఇచ్చేయకండి, రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్లకి ఇవ్వండి. తయారీదారులే బాధ్యత తీసుకోవాలని చెప్పే కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్లో కూడా అడగొచ్చు. ఇచ్చేముందు డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, లేదా పూర్తిగా చెరపండి. క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్ళ పట్టిక మాత్రమే పోతుంది, ఫొటోలు అక్కడే ఉంటాయి. తిరిగే డిస్క్ అయితే మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాయించాలి, ఎస్‌ఎస్‌డీ అయితే తయారీదారు టూల్‌లో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి.