ముందు దొరికింది పేగుల్లోనే

చిరంజీవులు అమ్ములుకి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో అమ్ములు అడిగిన దానికి అప్పటికప్పుడు ఏదో చెప్పేశాను గానీ, ఆ జవాబు నాకే తృప్తిగా లేదు. "సెరటోనిన్ మెదడు హార్మోను కదా తాతయ్యా, మరి పేగుల్లోకి ఎలా వచ్చింది?" అన్నావు. పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ దాన్ని మెదడు ఖాతాలోనే వేసి చెప్పాను. అందుకే ఇప్పుడు కాస్త ఓపిగ్గా రాస్తున్నాను.

అసలు 'హార్మోను' అన్న మాటే పేగుల వల్ల పుట్టిందమ్మా. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి వెళ్ళే నరాలను తెంచి, అందులో కొంచెం ఆమ్లం పోశారు. కబురు మోసే నరం లేదు. అయినా క్లోమం (పాంక్రియాస్)లో జీర్ణరసం ఊరింది! ఆ పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్ళీ ఊరింది. అంటే కబురు రక్తంలో వెళుతోందన్నమాట. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి కబురు పదార్థాలన్నిటినీ కలిపి హార్మోన్లు అన్నాడు.

ఇక నీ సెరటోనిన్ కథ నాకు చాలా ఇష్టం. 1930ల్లో ఇటలీలో ఎర్‌స్పామర్ అనే ఆయన జీర్ణాశయం, పేగుల గోడల్లోని కొన్ని కణాల నుంచి ఒక పదార్థం తీశాడు. అది కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. పేగుది కాబట్టి ఎంటెరమిన్ అన్నాడు. 1948లో అమెరికాలో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు, రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వెతుకుతూ రక్తపు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ఒకటి పట్టుకున్నారు. సీరంలో దొరికింది కాబట్టి వాళ్ళు సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. అప్పటికి మెదడు ఊసే లేదు చూడు. ఆ ఊసెత్తింది బెట్టీ ట్వారోగ్ అనే యువ శాస్త్రవేత్త. ఆవిడ అంతకుముందు ఆల్చిప్పల జాతి జీవి కండరాలు సెరటోనిన్‌తో పనిచేస్తాయని గమనించింది. అంత చిన్న ప్రాణిలో ఉన్నది మన జాతి జంతువుల మెదడులో మాత్రం ఎందుకు ఉండదు అనుకుని వెతికింది. 1953లో పేజ్‌తో కలిసి, ఉందని చూపించింది. ఆ ధైర్యానికి నేను ఎప్పుడూ చెయ్యెత్తి నమస్కరిస్తాను.

ఇప్పటి లెక్క ప్రకారం మన ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం జీర్ణవ్యవస్థలోనే ఉంటుంది. పేరు మాత్రం మెదడుకి వచ్చింది.

తిరగబడ్డ కథలూ ఉన్నాయి. సొమటోస్టాటిన్‌ను 1973లో గొర్రెల మెదడు అడుగుభాగమైన హైపోథలమస్ నుంచి తీశారు. తర్వాత చూస్తే జీర్ణాశయంలోనూ, క్లోమంలోనూ ఉంది. మెదడు కింద ఉండే పీయూష గ్రంథికి 'ఎదుగుదల హార్మోను ఇక చాలు' అని చెప్పేదీ అదే, జీర్ణాశయానికి 'ఆమ్లం ఇక చాలు' అని చెప్పేదీ అదే.

ఒకే పదార్థం రెండు చోట్ల రెండు పనులు ఎలా చేస్తుందని చంటి అడుగుతాడు, తెలుసు. 'పట్టు' అన్న మాట తీసుకో నాయనా. నిచ్చెన ఎక్కుతూ అంటే ఒక అర్థం, చీర చూస్తూ అంటే ఇంకో అర్థం. మాట మారలేదు, విన్నచోటు మారింది. పేగు గోడలో సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలు దాన్ని కదలికగా మారుస్తాయి. మెదడులో అందుకునేవి నిద్ర, ఆకలి, మనసు తీరు వంటి వాటిలో కలగజేసుకుంటాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. పేగులో సెరటోనిన్ పెరిగితే మనసు హుషారవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గట్టి కంచె ఉంది. సెరటోనిన్ దాన్ని దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. పేగు మెదడుతో మాట్లాడేది ఎక్కువగా మెదడు నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి ద్వారా. ఆ నాడిలోని పోగుల్లో ఎక్కువ భాగం కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. భోజనం చేశాక పేగు నుంచి వచ్చే కొలెసిస్టోకైనిన్ అనే హార్మోను ఆ దారినే 'కడుపు నిండింది' అని పైకి చెబుతుంది.

అమ్ములూ, నీ ప్రశ్న తప్పని మాత్రం అనుకోకు. హార్మోను మెదడు నుంచి పేగుల్లోకి దిగి రాలేదు గానీ, నాడీకణాలు నిజంగానే దిగి వచ్చాయి. పేగుల గోడల్లో పది కోట్లకు పైగా ఉంటాయవి. అమ్మ కడుపులో పిండానికి నాలుగో వారం నడుస్తుండగా, మెదడు, వెన్నుపాము తయారవుతున్న గొట్టం అంచు నుంచి కొన్ని కణాలు విడిపోయి పేగు పైచివరలో చేరతాయి. అక్కడి నుంచి పెరుగుతూ, కిందికి జరుగుతూ, ఏడో వారానికల్లా చివరి దాకా చేరుకుంటాయి. కొందరు పసిపిల్లల్లో అవి చివరి దాకా రాలేక మధ్యలో ఆగిపోతాయి. ఆ కింది భాగం కదలదు, మలం ముందుకు పోదు. ఆ భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తారు. మీ ఇద్దరిలో మాత్రం ఆ ప్రయాణం సజావుగా పూర్తయింది. అప్పటికి మీరు నా చిటికెన వేలంత కూడా లేరు.

ఇట్లు,
తాతయ్య