పగడాలు తినే స్టార్‌ఫిష్: అసలు లొల్లి 1982లో మొదలైంది

పొద్దుగాలనే ఎడిటర్ ఫోన్. "ఆ ముళ్ల స్టార్‌ఫిష్ వీడియో మళ్లీ తిరుగుతున్నది, దాని ఎనక కథ ఏందో పొద్దుమూకేలోపు రాసియ్యి" అన్నడు. వీడియో మీరు కూడ చూసే ఉంటరు, నీళ్ల అడుగున ఒక డైవర్ పొడుగు సూది పట్టుకొని స్టార్‌ఫిష్‌లకు ఇంజెక్షన్ ఇచ్చుకుంట పోతుంటడు. నల్గొండ క్లాక్ టవర్ కాడ మేము కూసునే చాయ్ హోటల్ల నాలుగు రోజుల సంది ఇదే ముచ్చట. ఎరువుల షాపు నడిపే మా దోస్తుది ఒక్కటే మాట, పురుగు పడితే మందు కొట్టాలె, అంతే. పక్కన కూసునే రిటైర్డ్ జువాలజీ సారేమో "పురుగు ఎందుకు పడ్డదో అడగవా మరి" అంటడు. తమాషా ఏందంటే సైంటిస్టులు నలభై ఏండ్ల సంది కొట్లాడుకుంటున్నది కూడ సరిగ్గ దీని మీదనే.

మొదటి కథ అందరికి తెల్సిందే కాబట్టి జల్ది చెప్పేస్త. ఈ ముళ్ల స్టార్‌ఫిష్‌కు ఇరవై ఒకటి దాకా చేతులుంటయి, ఒంటి నిండ విషపు ముళ్లు, కడుపును బయటికి తీసి పగడం మీద పరిచి అక్కడికక్కడే అరిగించుకొని తింటది, అది పోయినంక తెల్లటి ఎముకల లెక్క మచ్చ మిగుల్తది. (పగడం అంటే మనోళ్లు ఉంగరంల పెట్టుకునే ఎర్ర పగడం గాదు, అది వేరే జాతి, ఇది దీవుల చుట్టు గోడ లెక్క పెరిగే దిబ్బలు కట్టేది.) ఆస్ట్రేలియాల కెయిర్న్స్ పక్కన గ్రీన్ ఐలాండ్ మీద 1962ల విరుచుకుపడ్డయి, మళ్ల 1979, 1993, 2010. మిగతాది గూగుల్ల దొరుకుతది, నేను సీదా 1982కు పోత.

అప్పటిదాకా అందరు అడిగింది, ఈ స్టార్‌ఫిష్‌ను తినేటోళ్లు ఎటు పోయిన్రు అని. ఆస్ట్రేలియాల క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీల రాబర్ట్ ఎండీన్ అనే ఆయన, ట్రైటాన్ అనే పెద్ద శంఖం దీన్ని తింటది, జనం షోకేస్‌ల కోసం ఆ శంఖాలు ఏరుకుపోయిన్రు కాబట్టే ఇవి పెరిగినయి అన్నడు. వినడానికి బాగనే ఉంటది. కని 1982ల, పసిఫిక్ సముద్రంల ఉన్న గువామ్ దీవిల పనిచేసే చార్లెస్ బర్క్‌లాండ్ అనే సైంటిస్టు స్టార్‌ఫిష్‌ను పక్కకు పెట్టి వాన లెక్కలు తీసిండు. కరువు తర్వాత గట్టి వానలు కొట్టిన ఏడాది నుంచి సుమారు మూడేండ్లకు దండు దిగుతున్నది. అది కూడ ఎక్కడ? కొండలు, మట్టి, వాగులు ఉన్న ఎత్తు దీవుల కాడ. ఉత్త ఇసుక మీద లేచిన చదును దీవుల కాడ అంతగ లేదు.

మూడేండ్లే ఎందుకు అంటే, పెద్ద ఆడ స్టార్‌ఫిష్ ఒక్క సీజన్‌ల కోట్ల గుడ్లు ఇడుస్తది, పిల్లలు రెండు నుంచి నాలుగు వారాలు నీళ్లల్ల తేలుకుంట కంటికి కనపడని పాచి తిని బతకాలె, మామూలుగ ఆ పాచి చాలక దాదాపు అన్ని చస్తయి, అదే వాన మట్టిని సత్తువను కడుక్కొచ్చి సముద్రంల పోసిందనుకో, పాచి పెరుగుతది, కోటికి ఒకటి బతికే కాడ పది బతికితె చాలు కథ మారిపోతది, అవి పెద్దగై జనం కండ్లల్ల పడేసరికి రెండు మూడేండ్లు దాటుతది. ఇది మనకు కొత్త ముచ్చటేం గాదు. సాగర్ ఆయకట్టు కింద వరికి యూరియా చల్లినంక రెండు వానలు పడనియ్యి, మురుగు కాల్వ పోయి కలిసే కుంట ఎట్లుంటదో చూడున్రి. కాలు పెడితే మోకాలి దాక ఆకుపచ్చ జిగట.

ఒకటి మాత్రం చెప్పాలె, బర్క్‌లాండ్ మనుషుల్ని తిట్టలేదు. వాన ఎప్పుడు పడేదే, దండు కూడ పాత కాలం నుంచి వచ్చేదే. పసిఫిక్ దీవులైన సమోవాల దీన్ని అలమేయ అంటరు, తొక్కితే అదే స్టార్‌ఫిష్‌ను తిరగేసి దాని కడుపు వైపు గాయం మీద పెడ్తరు, అలమేయకు మందు అలమేయనే అని సామెత కూడ ఉంది. మన ముల్లును ముల్లుతోనే తియ్యాలె అన్నట్టు. 1962ల కొత్తగ పుట్టిన జీవికి సామెత ఉంటదా?

ఎరువుల మాట 2010ల గట్టిగ వచ్చింది. కాథరీనా ఫాబ్రీషియస్ అనే సైంటిస్టు టీమ్ చెప్పింది ఏందంటే నీళ్లల్ల పాచి రెండింతలైన ప్రతిసారి, ఒక హద్దు దాక, పిల్లలు బతికేది సుమారు ఎనిమిదింతలు అయితది. క్వీన్స్‌ల్యాండ్ చెరుకు తోటల ఎరువు నదుల మీదుగ పోయేది ఆ దిబ్బల మీదికే. దీన్ని ఒప్పుకోనోళ్లు ఉన్నరు, వాగు వంక లేని దూరపు దిబ్బల మీద కూడ దండ్లు వచ్చినయి గదా అంటరు. నిజమే, వచ్చినయి.

ఇగ లెక్కపెట్టుడు. గువామ్‌ల 1969 నాటికి 38 కిలోమీటర్ల తీరం పొంట 90 శాతం పగడాలు పోయినయని రిచర్డ్ చెషర్ రాసినంక లెక్కల అవసరం పడ్డది. పద్ధతి పేరు మాంటా టో. చిన్న పడవకు తాడు, తాడు చివర చెక్క పలక, దాన్ని పట్టుకొని ఒక మనిషి మాస్కు పెట్టుకొని నీళ్ల మీద బోర్ల పడుకుంటడు, మనిషి నడిచినంత స్పీడుల పడవ లాక్కపోతది. రెండు నిమిషాలకోసారి ఆగుతది, బతికిన పగడం ఎంత, చచ్చింది ఎంత, స్టార్‌ఫిష్‌లు ఎన్ని, అవి తిన్న తెల్ల మచ్చలు ఉన్నయా అని పలక మీదనే రాస్తడు. ఆస్ట్రేలియా మెరైన్ సైన్స్ సంస్థ 1980ల నుంచి ఇదే పని ఆపకుండ చేస్తున్నది. ఆ రెండు నిమిషాల లాగుడే ఒక టో, సగటున టో కి 0.22 స్టార్‌ఫిష్ దాటితే దండు మొదలైతున్నట్టు, ఒకటి దాటితే దండు దిగినట్టే. మా షాపు దోస్తుకు ఇది చెప్తే ఎగిరి గంతేసిండు, "పత్తిల గులాబీ పురుగుకు బుట్టలు పెడ్తం గదా, బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు వరుసగ మూడు రోజులు పడితే మందు కొట్టమంటరు, ఇది గూడ గట్లనే!" గట్లనే. కని ఒక తేడా ఉంది. పిల్ల స్టార్‌ఫిష్‌లు మొదట పగడం తినయి, రాళ్ల సందుల్ల పాచి గీక్కుంట ఉంటయి, పగడం దొరకకపోతే ఆరేండ్లు దాటినా అట్లనే చిన్నగ ఉండగలవని 2020ల తేలింది. తాడు పట్టుకొని పోయేటోనికి అవి కనపడవు.

చంపుడు పార్టీకి బలం వచ్చింది 2012ల. ఆస్ట్రేలియాల గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరుస మీద 27 ఏండ్ల లెక్కలు కలిపి చూస్తే, దిబ్బ మీద బతికిన పగడం పరుచుకున్న జాగ 28 శాతం నుంచి 13.8కి పడింది, పోయిన దాంట్ల తుఫాన్లది 48 శాతం, స్టార్‌ఫిష్‌ది 42, నీళ్లు వేడెక్కి పగడం తెల్లబడుడు 10. తుఫాను ఆపలేం, వేడి మన చేతిల లేదు, దీన్నైతె చంపొచ్చు అన్నరు. మందులు కూడ మారినయి, మొదట్ల మైలుతుత్తం, తర్వాత ఒక్కోదానికి బోలెడు పోట్లు పొడవాల్సిన ఆసిడ్ పొడి, ఇప్పుడు ఎద్దు పిత్తం నుంచి తీసిన మందు ఒక్క పోటు, లేకపోతె ఇంట్ల వాడే వెనిగర్. 2024ల వచ్చిన ఒక స్టడీ, గట్టిగ ఏరిన చోట పగడం పెరిగిందనే చెప్పింది. జపాన్ దక్షిణ దీవులల్ల మాత్రం 1970 నుంచి 1983 దాక పైసలిచ్చి సుమారు కోటీ ముప్పై లక్షలు ఏరించిన్రు, అయినా దండు ఆగలే, పగడం మిగల్లే. ఫ్లోరైడ్ నీళ్లకు పటిక, సున్నం కలిపే పద్ధతికి మన ఊరి పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అన్నరు, ఎన్ని ఏండ్లు కలిపినా కృష్ణ నీళ్లు వచ్చేదాక జనం కృష్ణ నీళ్లే అడిగిన్రు, ఆ లెక్క మనకు కొత్తగ ఎవరు చెప్పాలె.

వీడియో ఇప్పుడే ఎందుకు లేచింది అంటే, 2024 ఏప్రిల్‌ల ప్రపంచమంతా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నయని ప్రకటించిన్రు, 2025 ఆగస్టుల వచ్చిన ఆస్ట్రేలియా సర్వేల గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తరం వైపు బతికిన పగడం 39.8 నుంచి 30 శాతానికి, దక్షిణం వైపు 38.9 నుంచి 26.9కి ఒక్క ఏడాదిల పడిపోయింది. మొదటి కారణం వేడి. 2012ల 10 శాతం అన్నది ఇదే. అయితే కనపడే శత్రువు స్టార్‌ఫిష్ కాబట్టి కెమెరా దాని మీదికే పోతది.

మన దగ్గర? కృష్ణ సముద్రంల కలిసే కాడ బురద, మంచినీళ్లు కాబట్టి పగడపు దిబ్బలు ఉండవు. ఉన్నయి లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ సింధుశాఖల్ల. అక్కడి ముళ్ల స్టార్‌ఫిష్ ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీది జాతి గూడ గాదు, 2008ల డీఎన్ఏ చూసి నాలుగు జాతులని విడదీసిన్రు, మనది హిందూ మహాసముద్రపు ఉత్తరం వైపుది. ఆస్ట్రేలియా 0.22ను ఇక్కడికి తెచ్చి అంటిస్తే నడుస్తదా అనేది వేరే కొట్లాట.

మా బామ్మర్ది అండమాన్ స్వరాజ్ ద్వీప్‌ల ఒక డైవ్ షాపుల పనిచేస్తడు, మిర్యాలగూడ పోరడు, సాగర్ కాల్వల ఈత నేర్చుకున్నడు. నిన్న రాత్రి ఫోన్ చేసిన. "బావా, మేము చంపం, కనపడితే రాసుకుంటం అంతే" అన్నడు. పలక ఫొటో పంపమంటే పంపిండు. తేదీ, లోతు, ఎన్ని కనపడ్డయి, మచ్చలు తాజావా పాతవా అని పెన్సిల్‌తో గీసిన గడులు. వాన ఎప్పుడు పడ్డదో కూడ రాస్తున్నరా అని అడిగిన. ఆ గడి లేదన్నడు.