ఈ పడవ ఎవరిది? గ్రాఫ్‌క్యూఎల్ సంబంధాలపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ పడవల లెక్కల కోసం మధురవాడలో కూర్చుని గ్రాఫ్‌క్యూఎల్ స్కీమా రాసినవాడిని. యాప్ తనకు కావలసిన సమాచారాన్ని సర్వర్‌ను అడిగే భాష గ్రాఫ్‌క్యూఎల్; ఏ సమాచారం ఉంది, ఏది దేనితో కలుస్తుంది అని చెప్పే నమూనా స్కీమా. కింది అపోహల్లో సగం నావే.

అపోహ: పేరులో గ్రాఫ్ ఉంది కాబట్టి గ్రాఫ్ డేటాబేస్ కావాలి.
వాస్తవం: అవసరం లేదు. 2015లో ఫేస్‌బుక్ అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఈ భాషకు వెనక ఏ డేటాబేస్ ఉన్నా ఒకటే. మాది టేబుళ్లతో నడిచే మామూలు డేటాబేస్, పోస్ట్‌గ్రెస్.

అపోహ: టేబుల్‌లోని ఐడీనే ఫీల్డుగా (స్కీమాలో ఒక గడిగా) ఇస్తే సరిపోతుంది.
వాస్తవం: పడవ టైపులో, అంటే పడవ వివరాల నమూనాలో, యజమాని ఐడీ పెట్టాను. యాప్ రాసే అమ్మాయి ఆ అంకె పట్టుకుని, పేరు కోసం మరో క్వెరీ పంపాల్సి వచ్చింది. ఫీల్డును నేరుగా యజమాని టైపుకే కలిపితే పడవ పేరు, యజమాని ఫోను నంబరు ఒకేసారి వస్తాయి. అయితే వంద పడవలకు యజమానులను విడివిడిగా వెతికితే డేటాబేస్‌కు 101 ప్రశ్నలు వెళ్తాయి: పడవల జాబితాకు ఒకటి, యజమానులకు వంద. డేటాలోడర్ అనే లైబ్రరీ ఆ ఐడీలను పోగుచేసి ఒకేసారి అడుగుతుంది కాబట్టి రెండే వెళ్తాయి.

అపోహ: చేప కింద వ్యాపారుల జాబితా, వ్యాపారి కింద చేపల జాబితా పెడితే సంబంధం కుదిరినట్టే.
వాస్తవం: మరి వంజరం కిలో ధర ఎక్కడ రాస్తారు? చేప దగ్గర రాయలేం, రేపు మారిపోతుంది. వ్యాపారి దగ్గరా రాయలేం, ఆయన చందువా కూడా కొన్నాడు. ఫేస్‌బుక్ వారి రిలే అనే గ్రాఫ్‌క్యూఎల్ లైబ్రరీ పద్ధతిలో దీన్ని ఎడ్జ్ (రెండింటినీ కలిపే లంకె) మీద పెట్టవచ్చు. నాకు మాత్రం ఆ పేరు రుచించదు. ధర, బరువు, తేదీ ఉన్న ఈ సంబంధానికి హార్బర్‌లో ఎప్పటినుంచో పేరుంది: పాట. వేలంలో పాడినదే. ‘పాట’ను సొంత టైపుగా చేసి చేపకూ వ్యాపారికీ కలిపాక చిక్కు వీడింది.

అపోహ: ప్రతి సంబంధానికీ ఆశ్చర్యార్థకం పెడితే భద్రం.
వాస్తవం: ఆ గుర్తు ‘ఇక్కడ నల్ (ఖాళీ విలువ) రాదు’ అని సర్వర్ ఇచ్చే మాట. మాట తప్పితే నల్ పై ఫీల్డుకు పాకుతుంది. మా స్కీమాలో జాబితాకు, అందులోని పడవకు, దాని యజమానికి మూడుచోట్లా ఆ గుర్తు పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు రేవులో ఉన్న ఆ రోజుల్లో ఒకటి చేతులు మారింది. పాత యజమాని రికార్డు తీసేశారు, కొత్తది ఎక్కించలేదు. ఆ ఒక్క పడవ వల్ల తెర మీద జాబితా మొత్తం మాయమైంది. యజమాని దగ్గర గుర్తు తీసేశాక పడవలన్నీ తిరిగొచ్చాయి, ఆ ఒక్క గడి తప్ప.