65 వస్తే రోగి, 60 వచ్చినా కోలుకున్నట్టే

ఎంఈ/సీఎఫ్‌ఎస్ అంటే ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని అలసటతో మనిషిని కుంగదీసే దీర్ఘకాలిక జబ్బు. ఈ రోగులకు వ్యాయామం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న గొడవ మళ్లీ రేగింది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టి సారాంశం చెప్పే కోక్రేన్ సంస్థ, తన పాత సమీక్షను పూర్తిగా కొత్తగా చేయిస్తామని 2019లో మాటిచ్చింది. 2024 డిసెంబర్‌లో ఆ పని ఆపేసింది. తగినన్ని కొత్త పరిశోధనలు రాలేదని, వనరులు లేవని కారణం చెప్పింది. దాంతో వ్యాయామం బహుశా అలసట తగ్గిస్తుందనే పాత సమీక్షే నిలిచింది. అందులోని 8 ప్రయోగాల్లో 1,518 మంది రోగులుంటే, 641 మంది ఒక్క ‘పేస్’ ప్రయోగం వాళ్లే.

అసలు మలుపు పేస్‌లో ఉంది.

మనోవైద్యులు పీటర్ వైట్, మైకేల్ షార్ప్, సీబీటీ అనే మాటల చికిత్సలో నిపుణురాలు ట్రూడీ చాల్డర్ దీన్ని బ్రిటన్‌లో నడిపారు. ఖర్చు సుమారు 50 లక్షల పౌండ్లు, ఎక్కువగా ప్రభుత్వ సొమ్మే. జబ్బు ఎలా మొదలైనా, కదిలితే ముదురుతుందన్న భయం, కదలక ఒళ్లు బలహీనపడటం, ఈ రెండే దాన్ని సాగదీస్తున్నాయని వాళ్ల నమ్మకం. కాబట్టి ఆలోచన మార్చే సీబీటీ, మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం మందు అన్నారు. ఈ రెండూ మేలు చేశాయని 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో, వీటితో 22 శాతం మంది కోలుకున్నారని 2013లో ప్రకటించారు.

కోలుకోవడమంటే ఏమిటో చూడండి. శారీరక సామర్థ్యానికి, రోగులు చెప్పిన జవాబులను బట్టి, 100 మార్కుల స్కేలు ఉంది. ప్రయోగంలో చేరాలంటే 65 లేదా అంతకన్నా తక్కువ రావాలి. కోలుకున్నట్టు లెక్కేయడానికి మొదట పెట్టుకున్న గీత 85. తర్వాత దాన్ని 60కి దించారు. అంటే 65తో చేరి 60కి దిగజారిన మనిషి కూడా ఈ ఒక్క కొలమానం వరకు పాసైనట్టే! ఈ సంగతి పట్టుకుని వదలకుండా అడిగింది మంచం పట్టిన రోగులు.

వాళ్లలో ఒకరు, ఆస్ట్రేలియాకు చెందిన అలెమ్ మాథీస్, 2014లో సమాచార హక్కు కింద డేటా అడిగారు. లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ ఇవ్వనంది. ఇమ్మని సమాచార కమిషనర్ ఆదేశించినా అప్పీలుకు వెళ్లింది. ఫలితాలు విశ్లేషించకముందే గీత మార్చామని పరిశోధకులు అంటారు. డేటా ఇస్తే రోగుల గోప్యత పోతుందని, ఉద్యమకారులు వేధిస్తున్నారని యూనివర్సిటీ వాదించింది. 2016 ఆగస్టులో ట్రైబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. వేధింపుల మాట విపరీతంగా పెంచి చెప్పిందని, దానికి చూపిన ఆధారం ఒక సెమినార్‌లో ఎవరో చాల్డర్ ప్రసంగానికి అడ్డుతగలడం ఒక్కటేనని రాసింది. డేటా బయటికొచ్చాక పాత గీతతో మళ్లీ లెక్కేస్తే ఏ చికిత్స పొందిన గుంపులోనూ కోలుకున్నవాళ్లు 10 శాతం దాటలేదు.

శ్రమ పడ్డాక ఒంట్లో సత్తువ కుప్పకూలడం ఈ జబ్బు ప్రధాన లక్షణమని అమెరికా వైద్య సంస్థ ఐఓఎం 2015లోనే చెప్పింది. 2021 అక్టోబర్‌లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ కూడా, పెంచుకుంటూ పోయే వ్యాయామం ఈ రోగులకు ఇవ్వొద్దని, సీబీటీని జబ్బు నయం చేసే చికిత్సగా చూపొద్దని మార్గదర్శకాలు మార్చింది. లాంగ్ కోవిడ్‌తో ఇదే లక్షణం కొత్తగా ఎంతోమందికి వచ్చింది. కోక్రేన్ సమీక్ష 2002 నాటి ప్రశ్న, పద్ధతుల మీదే ఆధారపడిందని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే 2019లో ఒప్పుకున్నారు. వ్యాయామం మంచిదని ఈ రోగులతో వాదించే డాక్టర్ చేతిలో నేటికీ ఉన్నది అదే సమీక్ష.